తెగిన ట్యూబు నుంచి ఎంత వస్తుంది? రంధ్రం కొలతతో ముగియని లెక్క

క్లుప్తంగా: రెండు ప్రవాహాల మధ్య వేడిని మార్చే హీట్ ఎక్స్ఛేంజర్‌లో ఒక ట్యూబు తెగితే అధిక పీడనం వైపున్న పదార్థం రెండో వైపుకు ఎంత వేగంగా చొరబడుతుందో డిజైన్ దశలోనే అంచనా వేయాలి. పీడనం మించితే తెరుచుకునే సేఫ్టీ వాల్వు, చిరిగి దారి ఇచ్చే పలచటి రేకు అయిన రప్చర్ డిస్క్, వదిలిన వాయువును కాల్చేందుకు తీసుకుపోయే ఫ్లేర్ లైను కొలతలన్నీ ఆ అంకె మీదే ఆధారపడతాయి. ఈ అంచనాలో రంధ్రం వైశాల్యం తేలికైన భాగం. రంధ్రం దాటే క్షణంలో పదార్థం ద్రవమా, వాయువా, దారిలోనే మరిగిపోతోందా అన్నది తేల్చడమే కష్టం. ఫలితాన్ని రెట్లకు రెట్లు మార్చేది కూడా అదే.

అత్తిపట్టులోని ఉత్తర చెన్నై థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఒక యూనిట్ ఆగిందంటే, మరునాటి పత్రికలో కనిపించే కారణం చాలాసార్లు ఒకటే: బాయిలర్ ట్యూబులో లీకు. ఆంధ్ర వైపు నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడినవారికి ఈ మాట కొత్త కాదు. ఇబ్రహీంపట్నం, ముద్దనూరు థర్మల్ కేంద్రాల వార్తల్లోనూ వారు ఇదే చదివారు. ఆ వార్తల్లో సాధారణంగా కనిపించనిది ఒకటుంది: ఆ చీలిక నుంచి సెకనుకు ఎంత ఆవిరి పోయింది? 2023 డిసెంబరు 26 రాత్రి ఎన్నూరు పక్కన పెరియకుప్పంలో సముద్రగర్భ పైపు నుంచి అమోనియా వెలువడి జనం ఇళ్లు వదిలి వీధుల్లోకి వచ్చినప్పుడు కూడా అసలు ప్రశ్న అదే. ఎంత వచ్చింది, ఎంతసేపట్లో వచ్చింది?

అయితే బయటి పైపు వేరు, పరికరం లోపలి ట్యూబు వేరు. పైపు తెగితే పదార్థం నేరుగా గాలిలోకో నీటిలోకో వస్తుంది. ఎక్స్ఛేంజర్‌లో ట్యూబు తెగితే అది ముందు అదే పరికరంలోని రెండో వైపుకు చేరుతుంది. బయట నిలబడినవారికి ఏమీ కనిపించదు. ఆ రెండో వైపు ఎంత తట్టుకోగలదన్న దాని మీదే తర్వాతి కథంతా నడుస్తుంది. చెన్నైలోని గిండీ, ఓఎంఆర్ ప్రాంతాల డిజైన్ కార్యాలయాల్లో పనిచేసే ప్రాసెస్ ఇంజినీర్లు ఈ లెక్కను ప్రమాదం జరగకముందే, కాగితం మీదే వేయాలి. వారిలో నెల్లూరు, తిరుపతి వైపు నుంచి వచ్చినవారు తక్కువేమీ కాదు.

ట్యూబు ఎందుకు తెగుతుంది

షెల్ అండ్ ట్యూబ్ ఎక్స్ఛేంజర్ అంటే పెద్ద డొల్ల స్తూపం, దాని లోపల వందల సన్నని ట్యూబులు. ట్యూబుల్లో ఒక ప్రవాహం, వాటి చుట్టూ షెల్‌లో మరో ప్రవాహం. రెండూ కలవకుండా వేడి మాత్రమే చేతులు మారాలి. వాటి మధ్య ఉన్న అడ్డుగోడ రెండు మిల్లీమీటర్ల లోహం. వేడి సులువుగా దాటాలంటే గోడ పలచగా ఉండాలి, పీడనం తట్టుకోవాలంటే మందంగా ఉండాలి. ట్యూబు మందం ఎప్పుడూ ఈ రెండింటి మధ్య రాజీయే.

ఆ గోడను తినేసేవి చాలా ఉన్నాయి. షెల్‌లో ప్రవాహం వేగంగా ఉంటే ట్యూబులు కంపిస్తాయి. ఆధారంగా ఉన్న బాఫిల్ ప్లేటు అంచుకు రాసుకుని అక్కడే అరుగుతాయి, అలసట పగుళ్లు వస్తాయి. క్లోరైడ్ ఉన్న నీళ్లలో కొన్ని రకాల స్టెయిన్‌లెస్ స్టీలుకు పగుళ్లు రావడం బాగా తెలిసిన సమస్య. మట్టి, జీవపు పొర పేరుకున్న చోట దాని అడుగున తుప్పు మొదలవుతుంది. ఉత్తర చెన్నైలోని మనలి–ఎన్నూరు పరిశ్రమలకు ఈ చివరి రెండూ ప్రత్యేకంగా వర్తిస్తాయి. నీటి కొరత వల్ల అక్కడ శుద్ధి చేసిన మురుగునీటిని కూడా వాడుతున్నారు. కొడుంగైయూరులోని రోజుకు 4.5 కోట్ల లీటర్ల ఆర్‌వో ప్లాంటు కట్టింది అందుకే. మంచినీటిని ఊరికి మిగిల్చే ఈ ఏర్పాటు నిస్సందేహంగా మంచిది. కానీ కూలింగ్ టవర్‌లో నీరు ఆవిరవుతున్న కొద్దీ మిగిలిన నీటిలో లవణాలు చిక్కబడతాయి కాబట్టి, నీటి రసాయన నియంత్రణ ట్యూబుల ఆయుష్షును నిర్ణయించే అంశమవుతుంది.

వైశాల్యం, దారి

లెక్కకు మొదట కావలసింది రంధ్రం ఎంతన్నది. పెట్రోలియం పరిశ్రమలో ఎక్కువగా అనుసరించే ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) 521 ప్రమాణం దీన్ని సరళం చేసింది: ఒక్క ట్యూబు, ట్యూబుల చివరలను పట్టి ఉంచే మందపాటి పలక అయిన ట్యూబ్‌షీటు వెనక అంచున, కత్తితో కోసినట్టు పూర్తిగా తెగిందనుకోవాలి. అప్పుడు రెండు చివరలు తెరుచుకుంటాయి. ఒకటి ట్యూబ్‌షీటులో మిగిలిన పొట్టి మొండి, రెండోది అవతలి చివర దాకా సాగే పొడవాటి ముక్క. అధిక పీడన పదార్థం రెండింటి నుంచీ వస్తుంది.

సాధారణంగా వాడే 19.05 మిల్లీమీటర్ల ట్యూబును తీసుకుందాం. గోడ మందం 2.11 మిల్లీమీటర్లు అయితే లోపలి వ్యాసం 14.83. ఒక చివర వైశాల్యం సుమారు 173 చదరపు మిల్లీమీటర్లు, రెండు చివరలకు 345. ఒక వైపు 60 బార్ (ఒక బార్ అంటే దాదాపు మామూలు గాలి పీడనం), మరో వైపు 10 బార్ పీడనం ఉందని, అధిక పీడనం వైపు చల్లటి నీళ్లు ఉన్నాయని అనుకుంటే, 50 బార్ తేడా నీటిని సెకనుకు 100 మీటర్ల వేగంతో నెడుతుంది. పదునైన అంచు దగ్గర ప్రవాహం లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి 0.6 గుణకం వేస్తే, ఒక్కో చివర నుంచి సెకనుకు సుమారు 10.4 కిలోలు వస్తాయి. రెండు చివరలనూ రంధ్రాలుగానే లెక్కిస్తే 20.7 కిలోలు, అంటే గంటకు దాదాపు 75 టన్నులు.

కానీ పొడవాటి ముక్క రంధ్రం కాదు, గొట్టం. నీళ్ల లారీ తెప్పించుకునే చెన్నై అపార్ట్‌మెంట్లలో ఈ తేడా అందరూ చూసిందే. లారీ సంపు పక్కన ఆగితే పొట్టి గొట్టంతో త్వరగా ఖాళీ అవుతుంది, వీధి మలుపులో ఆగి పొడవాటి గొట్టం లాగితే అదే లారీ చాలాసేపు నిలబడుతుంది. ఆరు మీటర్ల ట్యూబులో గోడ రాపిడిని లెక్కలోకి తీసుకుంటే ఆ చివర నుంచి వచ్చేది సెకనుకు సుమారు 5 కిలోలే, మొండి నుంచి వచ్చేదానిలో సగం. మొత్తం 15.5 దగ్గర ఆగుతుంది. ప్రమాణం రెండు పద్ధతులనూ అనుమతిస్తుంది. రెండు రంధ్రాల పద్ధతి తొందరగా తేలుతుంది, అంకెను పెంచి చూపుతుంది.

అదే రంధ్రం, మూడు రకాల పదార్థం

చర్చ సాధారణంగా వైశాల్యం దగ్గరే ఆగిపోతుంది. ఎన్ని ట్యూబులు తెగాయనుకోవాలి, పూర్తిగా తెగిందా సగమా అని వాదనలు నడుస్తాయి. నిజానికి అంతకంటే పెద్ద అనిశ్చితి పదార్థం స్థితిలో ఉంది. పీడనాలు మార్చకుండా, అదే ట్యూబులో పదార్థాన్ని మాత్రం మార్చి చూస్తే ఇది తెలుస్తుంది.

చల్లటి నీళ్ల బదులు 40 డిగ్రీల దగ్గర సహజ వాయువు ఉందనుకుందాం. వాయువు రంధ్రం దగ్గర ధ్వని వేగాన్ని అందుకున్నాక, అవతలి వైపు పీడనం ఇంకా తగ్గినా ప్రవాహం పెరగదు. దీన్నే చోకింగ్ అంటారు. మీథేన్‌కు అవతలి పీడనం ఇవతలి దానిలో సుమారు 55 శాతం కంటే తక్కువైతే ఈ స్థితి వస్తుంది. అంటే 60 బార్‌కు ఎదురుగా 10 బార్ ఉన్నా ఒకటే, 20 ఉన్నా ఒకటే. ఈ లెక్కలో రెండు చివరల నుంచి కలిపి సెకనుకు సుమారు 2.9 కిలోలు వస్తాయి. నీటితో పోలిస్తే ద్రవ్యరాశిలో ఏడో వంతు. తక్కువే కదా అనిపిస్తుంది. కానీ 10 బార్ దగ్గర ఆ వాయువు ఆక్రమించే చోటు సెకనుకు దాదాపు 0.47 ఘనమీటర్లు, నీళ్లు ఆక్రమించిన దానికి 20 రెట్లకు పైగా.

మూడోది అన్నిటికంటే చిక్కైనది: 60 బార్ దగ్గర సరిగ్గా మరిగే స్థితిలో, అంటే సుమారు 276 డిగ్రీల దగ్గర ఉన్న వేడి నీరు. కుక్కర్‌లో నీరు నూరు డిగ్రీలు దాటినా మూత బిగిసి ఉన్నంతసేపు ద్రవంగానే ఉంటుంది, పీడనం ఒక్కసారి పడిపోతే అంతా ఒకేసారి పొంగుతుంది. తెగిన ట్యూబులో ఆ పొంగు రంధ్రం దాటుతుండగానే మొదలవుతుంది. పుట్టిన ఆవిరి దారిని తానే నింపి వెనక వచ్చే ద్రవానికి అడ్డుపడుతుంది. ఆవిరి, ద్రవం ఒకే వేగంతో, సమతౌల్యంలో కదులుతున్నాయనే నమూనా ప్రకారం ఇక్కడ వచ్చేది సెకనుకు 7 కిలోల దగ్గర ఉంటుంది. అదే నీటిని మామూలు ద్రవంగా భావించి సూత్రంలో వేస్తే 18 వస్తుంది. ఒకే రంధ్రం, ఒకే పీడనం, రెండున్నర రెట్ల తేడా.

ఈ రెండింటిలో ఏది సరి? దారి పొడవును బట్టి ఉంటుంది. ద్రవం మరిగి ఆవిరి కావడానికి కొద్దిపాటి సమయం పడుతుంది. సుమారు పది సెంటీమీటర్ల కంటే పొట్టి దారిలో ఆ సమయం చాలదని, ప్రవాహం సమతౌల్య నమూనా చెప్పేదానికంటే ఎక్కువగా ఉంటుందని ప్రయోగాలు చూపించాయి. ట్యూబ్‌షీటులోని మొండి తరచుగా ఆ హద్దుకు అటూ ఇటూ ఉంటుంది. పొడవాటి ముక్కలో మాత్రం సమతౌల్యం వచ్చేస్తుంది. కాబట్టి ఒకే ట్యూబు రెండు చివరలకు రెండు వేర్వేరు నమూనాలు వాడవలసి రావచ్చు. కంప్యూటర్ ప్రోగ్రాం ఈ నిర్ణయాన్ని తనంతట తాను తీసుకోదు. అడిగిన నమూనాలో అంకె ఇస్తుంది, అంతే. రెండు దశల ప్రవాహాల మీద క్రమబద్ధమైన పరిశోధన కోసం అమెరికా కెమికల్ ఇంజినీర్ల సంస్థ 1976లో డీఐఈఆర్‌ఎస్ అనే ప్రత్యేక బృందాన్ని ఏర్పాటు చేసిందంటే, ఈ అంకె ఎంత తేలికగా తప్పుతుందో ఊహించవచ్చు.

షెల్‌లోని నీళ్లు ఎక్కడికి పోవాలి

రంధ్రం నుంచి వచ్చే రేటు తేలాక కూడా సేఫ్టీ వాల్వు సైజు తేలదు. మీథేన్ ఉదాహరణనే కొనసాగిద్దాం. షెల్ నిండా కూలింగ్ నీళ్లున్నాయి. సెకనుకు 0.47 ఘనమీటర్ల వాయువు లోపలికి వస్తే, అంతే ఘనపరిమాణం నీళ్లు బయటికి పోవాలి. అంటే సెకనుకు 470 లీటర్లు. వాయువు వాల్వు దాకా చేరేలోపు వాల్వు వదలవలసింది వాయువును కాదు, నీటిని. 2.9 కిలోల వాయువుకని సైజు చేసిన వాల్వు 470 కిలోల నీటిని వదలలేదు. లెక్క మొదటి భాగం సరిగ్గా చేసి రెండో భాగంలో తప్పటడుగు వేసే చోటు ఇదే.

కాలం మరో చిక్కు తెస్తుంది. నీటిలో పీడన తరంగం సెకనుకు సుమారు 1,400 మీటర్ల వేగంతో పోతుంది. ఆరు మీటర్ల షెల్‌ను దాటడానికి నాలుగు మిల్లీసెకన్లు చాలు. స్ప్రింగ్ వాల్వు పూర్తిగా తెరుచుకోవడానికి అంతకు ఎన్నో రెట్ల సమయం కావాలి. రప్చర్ డిస్క్ కొద్ది మిల్లీసెకన్లలో చిరుగుతుంది. అందుకే అధిక పీడన వాయువుకు ఎదురుగా నీటితో నిండిన షెల్ ఉన్న చోట డిస్క్‌కే మొగ్గు. రెండు వైపుల పీడనాల మధ్య తేడా 70 బార్, ఆపైన ఉంటే స్థిర లెక్కతో సరిపెట్టుకోకుండా క్షణక్షణపు మార్పును అనుకరించే విశ్లేషణ చేయమని ఏపీఐ 521 సూచిస్తుంది. ఆ విశ్లేషణలో తేలేది సగటు రేటు కాదు, మొదటి కొద్ది మిల్లీసెకన్ల శిఖరం.

పది–పదమూడు నియమం

ఈ లెక్కలన్నిటినీ తప్పించుకునే దారి ఒకటుంది. తక్కువ పీడనం వైపును, దానికి కలిసిన పైపులతో సహా, తగినంత బలంగా కడితే ట్యూబు తెగినా షెల్ పగలదు, ఈ కారణానికి ప్రత్యేకంగా సేఫ్టీ వాల్వు అక్కర్లేదు. తగినంత అంటే? తక్కువ పీడనం వైపు హైడ్రో టెస్టు (నీళ్లు నింపి బలాన్ని పరీక్షించే) పీడనం, ఉష్ణోగ్రత సవరణ తర్వాత, అధిక పీడనం వైపు డిజైన్ పీడనానికి తగ్గకూడదు. గతంలో ఏఎస్‌ఎంఈ (అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంస్థ) కోడ్ ప్రకారం హైడ్రో టెస్టు డిజైన్ పీడనానికి ఒకటిన్నర రెట్లు ఉండేది. కాబట్టి మూడింట రెండు వంతుల నియమం అనేవారు. 1990ల చివర కోడ్ ఆ గుణకాన్ని 1.3కు తగ్గించింది. నియమం పదమూడింట పది వంతులైంది. అవతల 60 బార్ ఉంటే ఇవతల పూర్వం 40 చాలేది, ఇప్పుడు దాదాపు 46 కావాలి.

పాత ప్లాంట్లలో గందరగోళం పుట్టేది ఇక్కడే. పాత కోడ్ కింద ఒకటిన్నర రెట్లకు పరీక్షించిన షెల్‌ను మార్చి, అదే డిజైన్ పీడనంతో కొత్త కోడ్ కింద కొత్తది పెడితే, పైకి ఏమీ మారనట్టే ఉంటుంది. కానీ పరీక్ష పీడనం తగ్గింది. నిన్నటిదాకా అవసరం లేని సేఫ్టీ వాల్వు నేటి నుంచి అవసరం కావచ్చు.

నిజంగా తెగినప్పుడు

రసాయన కర్మాగారాల కంటే అణు విద్యుత్ కేంద్రాల్లో జరిగిన ట్యూబు వైఫల్యాలకు కొలతలు వివరంగా దొరుకుతాయి. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో గినా కేంద్రంలో 1982 జనవరి 25న రియాక్టర్ వేడితో ఆవిరి పుట్టించే స్టీమ్ జనరేటర్‌లో ట్యూబు ఒకటి పగిలింది. లోపల ఉండిపోయిన ఒక లోహపు ముక్క రాసుకుని ట్యూబులు అరగడం కారణం. మొదట్లో లీకు నిమిషానికి సుమారు 760 అమెరికన్ గాలన్లు, అంటే సెకనుకు 48 లీటర్ల దగ్గర. ప్రైమరీ వైపు, అంటే రియాక్టర్ గుండా తిరిగే నీటి వైపు, 150 బార్ స్థాయి పీడనంతో ఒక్క ట్యూబుకు రెండు చివరల సూత్రం వేస్తే వచ్చే అంకె కూడా ఈ కోవలోనే ఉంటుంది. జపాన్‌లో మిహామా రెండో యూనిట్‌లో 1991 ఫిబ్రవరి 9న ట్యూబు పూర్తిగా తెగింది. కంపనాన్ని ఆపవలసిన కడ్డీలు డిజైన్‌లో చూపినంత లోపలికి అమర్చకపోవడం వల్ల అలసట పగులు వచ్చింది. అక్కడ సుమారు 55 టన్నుల ప్రైమరీ నీరు రెండో వైపుకు పోయింది. ఒక ట్యూబు పూర్తిగా తెగడమనే ఊహ పుస్తకానికే పరిమితం కాదని ఆ ఘటన చూపింది.

రెండు చోట్లా లీకును ఆపిన మార్గం కూడా గమనించదగ్గది. రంధ్రాన్ని మూయలేదు. ప్రైమరీ పీడనాన్ని దించి రెండు వైపులా సమానం చేశారు. నెట్టే తేడా పోతే రంధ్రం ఎంతున్నా ప్రవాహం ఉండదు.

చెన్నైకి దక్షిణాన కల్పాక్కంలో ఇదే ప్రశ్న మరో రూపంలో ఎదురవుతుంది. అక్కడి 500 మెగావాట్ల ప్రోటోటైప్ ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్ స్టీమ్ జనరేటర్లలో 23 మీటర్ల పొడవైన ట్యూబుల లోపల అధిక పీడన నీరు–ఆవిరి, బయట తక్కువ పీడనంలో ద్రవ సోడియం. నీరు సోడియాన్ని తాకితే హైడ్రోజన్, కాస్టిక్ సోడా, తీవ్రమైన వేడి పుడతాయి. ఇక్కడ సెకనుకు గ్రాముల లీకు కూడా పక్క ట్యూబును కోసేయగలదు. అందుకే పూర్తిగా తెగిన ట్యూబుకు రప్చర్ డిస్కులున్నా, ప్రధాన ఆధారం సోడియంలో కరిగిన హైడ్రోజన్‌ను పలచటి నికెల్ పొర గుండా పసిగట్టే పరికరాలు. చిన్న లీకు పెద్దది కాకముందే పట్టుకోవాలన్నది దాని ఉద్దేశం.

అంకె పెంచితే భద్రత పెరుగుతుందా

అనుమానమున్నప్పుడు ఎక్కువ అంకె వేసుకోవడం మేలనే అలవాటు పరిశ్రమలో బలంగా ఉంది. అది ప్రతిసారీ నిజం కాదు. అవసరానికి మించిన పెద్ద స్ప్రింగ్ వాల్వు చిన్న లీకుకు తెరుచుకుంటే, నిలబడటానికి తగిన ప్రవాహం లేక టపటప కొట్టుకుంటుంది. సీటు దెబ్బతింటుంది, పైపు కుదుపుకు లోనవుతుంది. నిజంగా ట్యూబు తెగిన రోజుకు అది సరిగ్గా పనిచేస్తుందన్న భరోసా తగ్గుతుంది. రెండు రంధ్రాల పద్ధతిలో వచ్చిన 20.7ను, ద్రవ సూత్రంలో వచ్చిన 18ని కళ్లు మూసుకుని తీసుకోవడంలో ఈ ప్రమాదం ఉంది. పొడవాటి ముక్క రాపిడిని, మరిగే ప్రవాహాన్ని విడివిడిగా లెక్కించడానికి అదనంగా పట్టే శ్రమ కొద్ది గంటలే. దాన్ని మిగుల్చుకోవడానికి సరైన కారణం కనిపించదు.

పైగా పూర్తిగా తెగడం అరుదు. ఎక్కువగా జరిగేది సూది మొన రంధ్రం. అదే 60 బార్ సహజ వాయువు ఒక మిల్లీమీటర్ రంధ్రం నుంచి సెకనుకు ఏడు గ్రాముల లోపే వస్తుంది. సేఫ్టీ వాల్వు కదలదు, పీడన గేజిలో తేడా కనిపించదు. కానీ రోజు గడిచేసరికి అది అర టన్ను దాటుతుంది. కూలింగ్ నీటిలో కలిసి ప్రయాణించి, ఆ నీరు ధారలుగా పడే కూలింగ్ టవర్ దగ్గర గాలిలోకి వస్తుంది. మనలి లాంటి చోట ప్లాంటు ప్రహరీకి అవతలే ఇళ్లుంటాయి కాబట్టి, కూలింగ్ టవర్ తిరుగునీటి లైను మీద వాయువును పసిగట్టే పరికరం ఉందా, అది ఎన్ని గ్రాములకు మోగుతుంది అన్నది రప్చర్ డిస్క్ సైజు ఎంత అన్నదానితో సమానంగా అడగవలసిన ప్రశ్న.